ఇంట్లో విండోస్, మ్యాక్, లినక్స్ ఒకదానికొకటి కనపడట్లేదా? ముందు అడ్రస్ చూడండి

అమెరికాకి కొత్తగా వచ్చి నలుగురు కలిసి అపార్ట్‌మెంట్ తీసుకున్న పిల్లలు తరచూ అడిగేది ఇదే. అన్నా, అందరి లాప్‌టాప్‌లలో నెట్ వస్తోంది, వీడియోలు ఆడుతున్నాయి, కానీ నా విండోస్ నుంచి రూమ్మేట్ మ్యాక్ కనపడట్లేదు, ఇంకొకడి ఉబుంటూ (అదీ ఒక లినక్సే)లో ఫోల్డర్ తెరుచుకోట్లేదు, ప్రింటర్ ఒకరికి పనిచేస్తే ఇంకొకరికి చెయ్యదు అని. పక్కనే ఎవరో ఒకరు "వేరే వేరే ఓఎస్‌లు కదా, వాటికి పడదు" అనేస్తారు. అది నిజం కాదండి. ఫైళ్ళు పంచుకోడానికి ఈ మూడింటికీ ఎస్ఎంబీ అనే ఒకే పద్ధతి ఉంది, ఆపిల్ కూడా 2013లో మావెరిక్స్ అనే మ్యాక్ వెర్షన్ నుంచి తన పాత పద్ధతి ఏఎఫ్‌పీని పక్కనపెట్టి ఎస్ఎంబీ2నే డీఫాల్ట్ చేసింది, లినక్స్ వైపు ఎస్ఎంబీ నడిపే ప్రోగ్రాం, ఆండ్రూ ట్రిడ్జెల్ మొదలుపెట్టిన సాంబా అయితే 1990ల మొదట్నుంచీ ఉంది. కాబట్టి ఓఎస్‌ని తిట్టడం ఆపి కింద నుంచి పైకి ఒక్కొక్కటే చూసుకుంటూ రండి.

నెట్ రావడం వేరు, ఇంట్లో రెండు మెషిన్లు కలవడం వేరు. ముందు రెండిట్లో ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో ఆ మెషిన్‌కి ఉండే నంబరు, చూడండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) కొట్టండి, మ్యాక్‌లో ఆప్షన్ కీ పట్టుకుని పైన వైఫై గుర్తు మీద క్లిక్ చెయ్యండి, ఉబుంటూలో సెట్టింగ్స్‌లో వైఫై పక్కన పళ్ళచక్రం గుర్తు నొక్కితే కనిపిస్తుంది. ఒకటి 192.168.1.5, ఇంకొకటి 192.168.1.9 అంటే రెండూ ఒకే వీధిలో ఉన్న ఇళ్ళలాంటివి, మంచిది. ఒకటి 192.168.1 తోనూ ఇంకొకటి 10.0.0 తోనూ మొదలైతే మాత్రం చాలావరకు మీ ఇంట్లో రెండు రౌటర్లు ఉన్నట్టే. ఇది మనవాళ్ళ ఇళ్ళలో చాలా మామూలు, ఎందుకంటే నెట్ కంపెనీ ఇచ్చిన డబ్బాలోనే మోడెమూ రౌటరూ రెండూ ఉంటాయి, అది తెలియక సిగ్నల్ రావట్లేదని ఇంకో రౌటర్ కొనుక్కొచ్చి దానికి తగిలిస్తారు, సగం మంది ఇటు, సగం మంది అటు కనెక్ట్ అవుతారు, నెట్ అందరికీ వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కంపెనీ డబ్బాని బ్రిడ్జ్ మోడ్‌లో (మోడెమ్‌గా మాత్రమే పనిచేసేలా) పెట్టండి, లేదా కొన్న రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌కి (వైఫై మాత్రమే ఇచ్చేలా) మార్చండి, ఏదో ఒకటి చేస్తే చాలు. అడ్రస్ 169.254 తో మొదలైతే ఆ మెషిన్‌కి రౌటర్ అసలు అడ్రస్సే ఇవ్వలేదని అర్థం, వైఫై ఆపి మళ్ళీ పెట్టండి, కేబుల్ అయితే మార్చి చూడండి. గెస్ట్ వైఫైలో ఉన్నవాళ్ళకి మిగతా మెషిన్లు మామూలుగా కనపడవు, అది దాని పద్ధతే, సొంత మెషిన్లన్నీ మెయిన్ వైఫైలోకి తెచ్చుకోండి.

అడ్రస్‌లు బాగుంటే ఒకదాన్నుంచి ఇంకోదానికి పింగ్ కొట్టండి, అంటే కమాండ్ ప్రాంప్ట్‌లో (మ్యాక్, లినక్స్‌లో టెర్మినల్‌లో) ping అని, పక్కన అవతలి అడ్రస్ కొట్టి జవాబు వస్తుందేమో చూడండి, కానీ రెండు వైపులనుంచీ కొట్టండి. విండోస్ నుంచి మ్యాక్‌కి జవాబు వచ్చి, మ్యాక్ నుంచి విండోస్‌కి రాకపోతే నెట్‌వర్క్ బాగానే ఉంది, బయటినుంచి వచ్చేవాటిని ఆపే విండోస్ ఫైర్‌వాల్ అడ్డుకుంటోంది. ఆ వైఫైని విండోస్ పబ్లిక్ నెట్‌వర్క్ అనుకుంటోందేమో చూసి ప్రైవేట్‌కి మార్చి, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ ఆన్ చెయ్యండి. అంతేగానీ ఫైర్‌వాల్ మొత్తం ఆఫ్ చెయ్యొద్దు, ఎవరు చెప్పినా సరే. లాప్‌టాప్‌తో పాటు ఫ్రీగా వచ్చిన యాంటీవైరస్‌లలో కొన్నిటికి సొంత ఫైర్‌వాల్ ఉంటుంది, అదీ ఒకసారి చూడండి. మ్యాక్‌లో సెక్వోయా వెర్షన్ నుంచి, ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి ఒక్కో యాప్‌కి లోకల్ నెట్‌వర్క్ పర్మిషన్ విడిగా అడుగుతుంది, తొందరలో వద్దని నొక్కేసి ఉంటే ఆ యాప్‌కి ఇంట్లో ఉన్న ప్రింటర్ కూడా దొరకదు.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాల్సిన విషయం ఒకటుంది. విండోస్‌లో నెట్‌వర్క్ అన్న ఫోల్డర్ తెరిస్తే పాత రోజుల్లో అన్ని మెషిన్లూ వరసగా కనపడేవి, ఇప్పుడు లినక్స్ మెషిన్ చాలాసార్లు కనపడదు. కారణం ఏంటంటే ఆ పాత జాబితా ఎస్ఎంబీ పాత వెర్షన్ అయిన ఎస్ఎంబీ1 మీద ఆధారపడేది, 2017 మేలో వన్నాక్రై వైరస్ ఆ ఎస్ఎంబీ1లో ఉన్న లోపం పట్టుకునే ప్రపంచమంతా పాకింది, దాన్ని సరిచేసే ప్యాచ్ రెండు నెలల ముందు మార్చిలోనే వచ్చినా వేసుకోనివాళ్ళు దెబ్బతిన్నారు. అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే ఎస్ఎంబీ1 ఉండదు. "విండోస్ ఫీచర్స్‌లోకి వెళ్ళి ఎస్ఎంబీ1 టిక్ పెట్టండి, వచ్చేస్తుంది" అని ఇప్పటికీ చెప్పేవాళ్ళు ఉన్నారు, దయచేసి ఆ పని చెయ్యకండి. జాబితాలో కనపడకపోయినా ఫోల్డర్ తెరుచుకుంటుంది, విండోస్ కీ, ఆర్ నొక్కి రెండు బ్యాక్‌స్లాష్‌లు పెట్టి ఐపీ అడ్రస్ కొట్టండి చాలు. మ్యాక్‌లో అయితే ఫైండర్‌లో కమాండ్, కే నొక్కి ఎస్ఎంబీ, కోలన్, రెండు స్లాష్‌లు, తర్వాత అడ్రస్. లినక్స్ మెషిన్ జాబితాలో కూడా కనపడాలంటే అందులో డబ్ల్యూఎస్‌డీడీ (wsdd) అనే చిన్న ప్రోగ్రాం వేసుకోండి.

అడ్రస్‌తో వెళ్తే పాస్‌వర్డ్ అడిగి మళ్ళీ మళ్ళీ తప్పంటోందా? అయితే సంతోషించండి, నెట్‌వర్క్ పని అయిపోయినట్టే, మిగిలింది అకౌంట్ గొడవే. విండోస్ తెరవడానికి రోజూ కొట్టే పిన్ ఇక్కడ పనికిరాదు, ఆ అకౌంట్ అసలు పాస్‌వర్డ్ కావాలి, పిన్‌కి అలవాటుపడి అది ఎప్పుడో మర్చిపోయి ఉంటారు. మ్యాక్‌లో ఫైల్ షేరింగ్ ఆన్ చేస్తే సరిపోదు, ఆప్షన్స్‌లోకి వెళ్ళి విండోస్ ఫైల్ షేరింగ్ కింద మీ పేరు పక్కన టిక్ పెట్టి పాస్‌వర్డ్ ఇవ్వాలి, ఎక్కువమంది వదిలేసేది ఇదే. ఉబుంటూలో సాంబాకి లాగిన్ పాస్‌వర్డ్ కాకుండా విడిగా ఒక పాస్‌వర్డ్ పెట్టాలి. పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా తెరిచిన షేర్లని కొత్త విండోస్ 11 ప్రో ఒప్పుకోదు, పేరూ పాస్‌వర్డూ పెట్టుకోవడమే మంచిది.

ఆఫీసు లాప్‌టాప్ సంగతి వేరే చెప్తాను. వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే కనెక్షన్) పెట్టగానే ఇంటి ప్రింటర్ మాయమైందంటే అది పాడవ్వలేదు, చాలా కంపెనీలు వీపీఎన్‌లో ఉన్నప్పుడు ఇంటి నెట్‌వర్క్ వైపు దారి మూసేస్తాయి. దాన్ని దాటడానికి ప్రయత్నించొద్దు, ఆఫీసు ఫైళ్ళు ఇంటి మెషిన్‌లోకి కాపీ చెయ్యొద్దు, హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగమే వీసా, ఒక ప్రింట్ కోసం అంత దూరం తెచ్చుకోకండి. ప్రింట్ తప్పదంటే ఐటీ వాళ్ళని అడగండి.

ప్రింటర్‌కి రౌటర్‌లో ఒక అడ్రస్ రిజర్వ్ చెయ్యండి, రౌటర్ రీస్టార్ట్ అయినప్పుడల్లా మారిపోయి తిప్పలు పెట్టదు. చవక ప్రింటర్లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలోనే కలుస్తాయి, 5 గిగాహెర్ట్జ్ మాత్రమే పెట్టుకుంటే వాటికి వైఫై కనపడదు. ఇండియా నుంచి రౌటర్ తెచ్చుకున్నవాళ్ళు వైఫైని ఛానల్ 12, 13 మీద పెట్టకండి, ఇక్కడ కొన్న చాలా ఫోన్లు వాటిని వెతకవు. హార్డ్ డిస్క్ అందరూ వాడాలంటే ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చెయ్యండి, ఎన్‌టీఎఫ్ఎస్ అయితే మ్యాక్ చదువుతుంది గానీ రాయదు, ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. ఫార్మాట్ చేస్తే ఉన్నవన్నీ పోతాయి, అమ్మానాన్నల ఫొటోలు ముందు వేరేచోట పెట్టుకోండి.

ఇవన్నీ చూసినా కుదరకపోతే అడగండి, ఎంత చిన్న సందేహమైనా మొహమాటం వద్దు. కానీ "పనిచెయ్యట్లేదు" అని ఒక్క ముక్క కాకుండా రెండు మెషిన్ల ఓఎస్ వెర్షన్లు, రెండిటి ఐపీ అడ్రస్‌లు, పింగ్ ఎటునుంచి ఎటు వెళ్ళింది, స్క్రీన్ మీద వచ్చిన ఎర్రర్ ఉన్నదున్నట్టు రాయండి. 192.168 తో మొదలయ్యే అడ్రస్ బయటికి చెప్పినా ఏం కాదు, పాస్‌వర్డ్‌లు మాత్రం ఎవరికీ పంపకండి, నాక్కూడా.