పునాది వేశాం, రిజిస్ట్రేషన్ కాలేదు: డిసెంబరు 14 దాటితే ఏమవుతుంది?

ప్రశ్న: సార్, మాది జడ్చర్ల. మా ఆయన పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీలో పని చేస్తారు. ఆయనకు మేనమామ వరసయ్యే ఒక పెద్దాయన దగ్గర 200 గజాల ప్లాటు గజం 9 వేల చొప్పున 18 లక్షలకు మాట్లాడుకున్నాం. 2023 జూన్ 15న వంద రూపాయల స్టాంపు కాగితం మీద నా పేరుతో అగ్రిమెంటు రాసుకున్నాం. బయానా 3 లక్షలు బ్యాంకులో వేశాం. తర్వాత చిట్టీ ఎత్తి, నా నగలు కుదువపెట్టి రెండు విడతలుగా 8 లక్షలు చేతికిచ్చాం. సొంత మనిషే కదా అని రసీదు అడగలేదు. బోరు వేయించి పునాది కూడా కట్టాం. బిడ్డ పెళ్లి కానీ, పంట చేతికి రానీ అంటూ, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు కూడా పెడుతూ ఆయన రిజిస్ట్రేషన్ వాయిదా వేస్తూ వచ్చారు. మిగతా 7 లక్షలు అప్పట్లో మా దగ్గర రెడీగానే ఉండేవి, తర్వాత మా అమ్మాయి కాలేజీ ఫీజులకు కొంత వాడాం. ఇప్పుడు ఆయన కొడుకులు వచ్చి గజం 16 వేలు నడుస్తోంది, ఆ లెక్కన ఇవ్వండి, లేదంటే మీ పైసలు మీరు తీసుకుపోండి అంటున్నారు. మా అత్తమ్మ సొంతింట్లో కాలు పెట్టాలని కళ్లల్లో ఒత్తులు వేసుకుని ఉంది. నాకు రాత్రిళ్లు నిద్ర లేదు. దసరా అయ్యాక పెద్దమనుషుల్లో కూర్చుందాం అంటున్నారు. ఈలోగా గోడలు లేపి స్లాబ్ వేసేస్తే ఎవరూ ఖాళీ చేయించలేరని మా మరిది అంటాడు. తెలిసిన డాక్యుమెంట్ రైటర్ ఒకాయన పాత తేదీ స్టాంపు కాగితం తెప్పిస్తాను, 8 లక్షలకు రసీదు, గడువు పొడిగింపు రెండూ రాసుకుందాం అంటున్నాడు. మాకు న్యాయం జరుగుతుందా? — ఒక గృహిణి, జడ్చర్ల

జవాబు: మీరు పంపిన అగ్రిమెంటు ఫొటోల్లో రెండో పేజీ తీయండి. కింది నుంచి నాలుగో వరుసలో ‘మిగతా సొమ్ము 7 లక్షలు 14-12-2023 లోపు చెల్లించి రిజిస్ట్రేషన్ చేయించుకొనవలెను’ అని ఉంది. మీ ఉత్తరంలో పెద్దాయన మాటలున్నాయి, కొడుకుల మాటలున్నాయి, ఈ తేదీ మాత్రం ఎక్కడా లేదు. మీ కేసు తేలేది మాత్రం దీని మీదే.

ఒప్పందం ప్రకారం రిజిస్ట్రేషన్ చేయించమని కోరే దావాను కోర్టుల్లో స్పెసిఫిక్ పర్ఫార్మెన్స్ దావా అంటాం. 1963 నాటి లిమిటేషన్ చట్టంలో 54వ ఆర్టికల్ దీనికి మూడేళ్ల గడువు ఇచ్చింది. అగ్రిమెంటులో తేదీ రాసి ఉంటే ఆ తేదీ నుంచే లెక్క. తేదీ లేనప్పుడే, అమ్మేవాడు ఇవ్వనన్నాడని మీకు తెలిసిన రోజు నుంచి లెక్క. కొడుకులు మొన్న కాదన్నారు కాబట్టి గడువు మొన్నటి నుంచి మొదలవుతుందని మీరు అనుకుంటే పొరపాటు. మీ గడువు 2023 డిసెంబరు 14న మొదలైంది, 2026 డిసెంబరు 14 సోమవారంతో ముగుస్తుంది. ఆ తర్వాత దావా వేస్తే, అవతలివాళ్లు గడువు మాట ఎత్తకపోయినా కోర్టే కొట్టేయాలి. చట్టంలో 3వ సెక్షను అలాగే ఉంది.

పెద్దాయన ‘బిడ్డ పెళ్లి కానీ’ అన్నందుకు గడువు ఒక్క రోజు కూడా పెరగలేదు. నోటిమాటకు ఆ బలం లేదు. ఆయన వాట్సాప్‌లో పంపారంటున్న వాయిస్ మెసేజ్‌లు సాక్ష్యంగా పనికొస్తాయి, గడువును మాత్రం పెంచవు. గడువు ముగియకముందే, ‘ఫలానా అగ్రిమెంటు ప్రకారం నేను రిజిస్ట్రేషన్ చేయాల్సి ఉంది’ అని ఆయన రాసి సంతకం పెడితే, 18వ సెక్షను కింద ఆ సంతకం తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. పెద్దమనుషుల్లో కూర్చుంటే కూర్చోండి. దసరా అయ్యాక కాదు, ఈ వారమే. చాయ్ తాగి, మాట తీసుకుని లేచి రాకండి. కాగితం మీద ఆయన సంతకం, ఆ రోజు తేదీ, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకుని రండి. ఇవ్వనంటే ఇక మాటలు ఆపి కోర్టుకు వెళ్లడమే.

డాక్యుమెంట్ రైటర్ చెప్పిన దారి గురించి గట్టిగానే చెబుతాను. ఆ కాగితం ముట్టుకోవద్దు. ఈ రోజు రాసి పాత తేదీ వేయడం, పెద్దాయన పెట్టని సంతకం పెట్టడం ఫోర్జరీ. విలువైన దస్తావేజును ఫోర్జరీ చేస్తే భారతీయ న్యాయ సంహితలో 338వ సెక్షను కింద పదేళ్ల దాకా జైలు, యావజ్జీవం కూడా పడవచ్చు. దాన్ని కోర్టులో దాఖలు చేయడం మరో నేరం. ఇది బయటపడదని ఆయన మీకు చెప్పి ఉంటాడు. స్టాంపు కాగితం వెనక వెండరు వేసే నంబరు, అమ్మిన తేదీ, కొన్నవాళ్ల పేరు ఉంటాయి. ఆ వివరాలు వెండరు రిజిస్టరులోనూ ఎక్కించాలి. అవతలి వకీలు ఆ రిజిస్టరు తెప్పించమని అడిగిన రోజున మీ నిజమైన అగ్రిమెంటును కూడా ఎవరూ నమ్మరు. న్యాయం మీ వైపు ఉన్న కేసును మీ చేతులతో మీరే చంపుకున్నట్టవుతుంది.

ఇక ఆ 8 లక్షలు. అమ్మా, కొత్తిమీర కట్టకు కూడా ఫోన్‌లో డబ్బు పంపే రోజుల్లో, నగలు కుదువపెట్టి తెచ్చిన సొమ్మును కాగితం ముక్క లేకుండా చేతిలో పెట్టారు. బంధువు దగ్గర రసీదు అడగడం అవమానమేమీ కాదు. దానివల్లే రేపు బంధుత్వం కూడా నిలిచేది. స్థిరాస్తి అడ్వాన్సుగా 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. జరిమానా తీసుకున్నవారికే అయినా, ప్రశ్నలు మీకూ వస్తాయి. 2 లక్షలు, అంతకు మించి నగదు ఇచ్చామని దావాలో చెబితే కోర్టు ఆదాయపు పన్ను శాఖకు తెలియజేయాలని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని ఆ సొమ్మును దాచకండి. అది ఎక్కడిదో చూపించండి. చిట్టీ ఎత్తినప్పుడు సంతకం చేసిన కాగితం, నగల లోను పావతి, ఆ రోజుల్లో మీ ఖాతా స్టేట్‌మెంటు, ఇచ్చినప్పుడు పక్కనున్నవారి పేర్లు ఒకచోట చేర్చండి. సొమ్ము మీ చేతికొచ్చిన తేదీ, ఇచ్చిన తేదీ దగ్గరగా ఉంటే, రసీదు లేని లోటు చాలావరకు తీరుతుంది. వాయిస్ మెసేజ్‌లున్న ఫోను మార్చకండి, అమ్మకండి, రీసెట్ చేయకండి. వాటిని దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద సర్టిఫికెట్ కూడా జత చేయాలి.

మీ ఉత్తరంలో నన్ను కంగారుపెట్టిన వాక్యం ఇంకొకటుంది. 7 లక్షలు రెడీగా ఉండేవి, తర్వాత వాడాం అన్నది. 2018 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో ఈ దావాల్లో కోర్టు విచక్షణ చాలావరకు తగ్గింది, కొనేవారికి అది మంచిదే. కానీ మొదటి నుంచి తీర్పు దాకా మిగతా సొమ్ము ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నామని మీరు రుజువు చేయాల్సిందే. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి వకీలు అడిగే మొదటి ప్రశ్నే ఇది. సొమ్మును నోట్ల కట్టలుగా చూపించనక్కర్లేదు. 2023 డిసెంబరు నాటి ఖాతా స్టేట్‌మెంటు, ఇప్పుడు మీ ఆయన జీతం మీద ఎంత లోను వస్తుందో బ్యాంకు ఇచ్చే ఉత్తరం చాలు. దావా వేయకముందే ఆ ఉత్తరం తెచ్చుకోండి.

స్లాబ్ మాట. గోడలు లేచినంత మాత్రాన హక్కు రాదు. పైగా మీ అగ్రిమెంటులో ‘ఈ రోజే స్వాధీనం అప్పగించడమైనది’ అని ఉంది. మీకది ధైర్యంగా కనిపిస్తోంది, నాకు సమస్యగా కనిపిస్తోంది. స్వాధీనం ఇచ్చిన అగ్రిమెంటుకు మన దగ్గర సేల్ డీడుతో సమానంగా స్టాంపు డ్యూటీ కట్టాలి. 18 లక్షల మీద 5.5 శాతం లెక్కన 99 వేలు. మీరు కట్టింది వంద. తక్కువ పడిన డ్యూటీ, దాని మీద పది రెట్ల జరిమానా కడితే తప్ప కోర్టు ఆ కాగితాన్ని సాక్ష్యంగా తీసుకోదు. దావాకు ముందే మహబూబ్‌నగర్ జిల్లా రిజిస్ట్రారు దగ్గరికి వెళ్లి డ్యూటీ కట్టించుకోమని అడగండి. జరిమానా తగ్గించే అధికారం అక్కడ ఉంది. రిజిస్టరు కాని అగ్రిమెంటు కాబట్టి ఆస్తి బదిలీ చట్టం 53ఏ సెక్షను రక్షణ మీ స్వాధీనానికి దొరకదు. అయితే రిజిస్ట్రేషన్ కోరే దావాలో మాత్రం అదే అగ్రిమెంటును చూపవచ్చు, రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షను ఆ వెసులుబాటు ఇచ్చింది. అంటే మీ అగ్రిమెంటుతో దావా వేయవచ్చు, ఇల్లు కట్టకూడదు. సేల్ డీడు లేకుండా మున్సిపాలిటీ అనుమతి రాదు, హోమ్ లోను రాదు. స్లాబ్‌కు పెట్టే సొమ్మునే ఆ 7 లక్షల కోసం ఖాతాలో ఉంచండి.

కొడుకుల బెదిరింపుకు బలముందో లేదో తేలాలంటే లింకు డాక్యుమెంటు, అంటే ప్లాటు పెద్దాయనకు ఎలా వచ్చిందో చూపే పాత దస్తావేజు తీయించండి. పెద్దాయన తన సొంత డబ్బుతో కొన్న ప్లాటైతే ఆయన బతికుండగా కొడుకులకు అందులో మాట లేదు. తాతల నాటిదైతే వాళ్లనూ దావాలో చేర్చాలి. అలాగే రేపే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ, అంటే ప్లాటు మీద నమోదైన లావాదేవీలు చూపే సర్టిఫికెట్ తీయండి. మీ అగ్రిమెంటు సంగతి తెలియని మూడో మనిషికి దావాకు ముందే అమ్మేస్తే, అతని మీద మీకు డిక్రీ, అంటే కోర్టు తీర్పు ఉత్తర్వు రావడం కష్టం. అందుకే వకీలు నోటీసు స్పీడ్ పోస్టులో, అందినట్టు రసీదుతో పంపి, తెలుగు దినపత్రికలో ప్రకటన కూడా ఇవ్వండి. దావాతోపాటే ప్లాటు ఎవరికీ అమ్మకుండా ఇంజంక్షన్ అడగండి. రిజిస్ట్రేషన్ ఇవ్వలేకపోతే 11 లక్షలూ వడ్డీతో ఇప్పించమని అదే దావాలో ప్రత్యామ్నాయంగా కోరాలి. కోరకపోతే కోర్టు తనంతట తాను ఇవ్వదు.

కోర్టు ఫీజు మిగిలిన 7 లక్షల మీద కాదు, 18 లక్షల మీద పడుతుంది. అగ్రిమెంటు మీ పేరు మీద ఉండటం ఇక్కడ కలిసొచ్చింది. ఆదాయం ఎంతైనా సరే, మహిళలకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. మహబూబ్‌నగర్ కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టండి, వకీలుతోపాటు కోర్టు ఫీజు కూడా అందులోకి వస్తుంది. పెద్దాయన రాజీకి వస్తే అక్కడే లోక్ అదాలత్‌లో రాయించుకోండి. ఆ అవార్డు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. దసరా సెలవులకు కోర్టు మూసేలోగా దావా నంబరు పడేలా చూసుకోండి. దరఖాస్తుకు వెళ్లేటప్పుడు అగ్రిమెంటు ఒరిజినల్ తీసుకెళ్లండి, కానీ ఎవరి దగ్గరా వదిలి రాకండి, జిరాక్స్ మాత్రమే ఇవ్వండి.