సిస్టర్‌ని అడగండి: జ్వరం తగ్గాక గంటగంటకీ బీపీ ఎందుకు చూస్తారు?

ప్రశ్న: సిస్టర్ గారూ, మా చెల్లెలికి డెంగీ వచ్చి ఆసుపత్రిలో చేర్చాం. ఐదో రోజుకి జ్వరం పూర్తిగా తగ్గింది, హమ్మయ్య అనుకున్నాం. కానీ అప్పటిదాకా ఎప్పుడో ఒకసారి వచ్చే సిస్టర్లు ఆ రోజు నుంచి గంటగంటకీ వచ్చి బీపీ చూడటం, చెయ్యి పట్టుకోవడం, యూరిన్ ఎంత వచ్చిందని అడగడం మొదలుపెట్టారు. రాత్రి పిల్లని నిద్ర కూడా పోనివ్వలేదు. ప్లేట్‌లెట్లు 48 వేలకి పడిపోయాయి, ఎక్కించండని మేం బతిమాలితే మాత్రం వద్దన్నారు. ఇప్పుడు ఇంటికొచ్చేసింది, బాగానే ఉంది. జ్వరం లేని మనిషికి అంత హడావిడి బిల్లు కోసమేనని మా ఇంట్లో ఇంకా వాదన నడుస్తోంది.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: బిల్లు కోసం కాదమ్మా. డెంగీలో ఒళ్లు 103 కాలుతున్నప్పటి కంటే, ఆ జ్వరం దిగే సమయంలోనే ఎక్కువ జాగ్రత్త పడాలి. జ్వరం మొదలైన మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య, టెంపరేచర్ తగ్గే వేళకి, కొందరిలో రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరిపోయి పొట్టలోకీ, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. నీరు ఒంట్లోనే ఉంటుంది గానీ రక్తంలో ఉండదు, అందుకే రక్తం చిక్కబడి, అవయవాలకి సరిగా అందదు. ఇది ఒకటి రెండు రోజులు సాగుతుంది. ఆ రెండు రోజులూ ఎవరు ఎంత శ్రద్ధగా చూశారన్న దాని మీదే చాలా ఆధారపడి ఉంటుంది.

బీపీ సంగతి చెప్తాను. మీరు చూసేది పై అంకె, ఆ సమయంలో మేము చూసేది రెండు అంకెల మధ్య తేడా. పొద్దున 110/70 ఉందనుకోండి, తేడా 40. నీరు ఊరిపోతుంటే శరీరం రక్తనాళాల్ని బిగబట్టి పై అంకెని పడిపోకుండా నిలబెడుతుంది, కింది అంకె మాత్రం పైకి జరుగుతుంది. మధ్యాహ్నానికి 100/80 వచ్చిందంటే ఇంట్లో వాళ్లకి "బీపీ వంద ఉంది, పర్వాలేదు" అనిపిస్తుంది, కానీ తేడా 20కి వచ్చేసింది, అంటే షాక్ (అవయవాలకి రక్తం చాలినంత అందని స్థితి) మొదలైనట్టే లెక్క, డాక్టర్‌ని అప్పటికప్పుడు పిలవాలి. పై అంకె పడిపోయేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. ఆరు గంటలకోసారి చూస్తే ఈ మార్పు దొరకదు కాబట్టే నిద్ర లేపి మరీ చూశారు.

చెయ్యి పట్టుకున్నది కూడా ఊరికే కాదు. అరచెయ్యి చల్లబడిందా, చెమటతో తడిగా ఉందా, నాడి సన్నగా వేగంగా కొట్టుకుంటోందా, గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎరుపు తిరిగొస్తోందా, ఇవన్నీ ఆ అరనిమిషంలో తెలిసిపోతాయి. ఇక యూరిన్ అంటారా, పెద్దవాళ్లకి కిలోకి గంటకి కనీసం అర మిల్లీలీటరు రావాలి, అంటే 50 కిలోల మనిషికి గంటకి 25. కిడ్నీలకి రక్తం అందకపోతే ముందు తగ్గేది అదే. అందుకే కొలిచే మగ్ ఇచ్చి అందులోనే పట్టమంటాం. "బాత్రూమ్‌కి వెళ్లొచ్చింది సిస్టర్, బాగానే వచ్చిందట" అంటే చార్టులో ఏమని రాయాలి?

ప్లేట్‌లెట్ల విషయంలో బంధువుల ఫోన్లు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఒక్కరు కూడా యూరిన్ వస్తోందా అని అడగరు, అందరూ ప్లేట్‌లెట్ ఎంత అనే అడుగుతారు. రక్తస్రావం లేకుండా ఉంటే 10 వేల కంటే పైన ఉన్నప్పుడు మామూలుగా ఎక్కించరు. 48 వేల దగ్గర వద్దన్న డాక్టర్ సరైన పనే చేశారు. ఆ రిపోర్టులోనే పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) అని ఇంకో అంకె ఉంటుంది, 38 ఉన్నది 46కి పెరిగిందంటే రక్తం చిక్కబడుతోందని అర్థం, ప్లేట్‌లెట్ల కంటే ముందు దాన్ని అడగండి. ఆ తర్వాత కోలుకునే దశలో ఆ ఊరిపోయిన నీరంతా తిరిగి రక్తంలోకి వస్తుంది, అప్పుడు కూడా సెలైన్ అలాగే పోతుంటే ఆయాసం వస్తుంది, కాబట్టి ఆ రోజుల్లో శ్వాస లెక్కపెడతారు. ఇంట్లో ఎవరికైనా డెంగీ ఉంటే, జ్వరం తగ్గాక విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి గానీ ముక్కు నుంచి గానీ రక్తం, నల్లటి విరేచనం, మగతగా ఉండటం లేదా ఊరికే అసహనంగా కదలడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. నొప్పులకి పారాసిటమాల్ తప్ప ఇంకే నొప్పి మాత్రా వెయ్యకండి.

ప్రశ్న: మా నాన్నగారికి 76 ఏళ్లు. పోయిన నెల న్యుమోనియా అని తేలింది, ఒక్క రోజు కూడా జ్వరం రాలేదు. అంతకు రెండు రోజుల ముందు నుంచి అన్నం సరిగా తినలేదు, నన్ను మా బాబాయి పేరుతో పిలిచారు, వయసు కదా అనుకున్నాం. ఇంట్లో బీపీ మిషన్, ఆక్సీమీటర్ రెండూ ఉన్నాయి. ఏం చూడాలి, ఎలా చూడాలి?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: ముందు మనిషిని చూడండి, మిషన్ తర్వాత. పెద్ద వయసులో ఇన్ఫెక్షన్ వచ్చినా ఒళ్లు వేడెక్కకపోవచ్చు. నిన్నటిదాకా పేపర్ చదువుతూ మాట్లాడిన మనిషి ఇవాళ ఉన్నట్టుండి పేర్లు తడబడుతుంటే, పగలంతా మగతగా ఉంటే, దాన్ని వయసు మీదకి నెట్టకండి, కొత్తగా వచ్చిన అయోమయం కూడా జ్వరమంత పెద్ద లక్షణమే. డాక్టర్ దగ్గర "రెండు రోజుల నుంచి ఇలా ఉన్నారు, అంతకుముందు ఇలా లేరు" అని చెప్పగలిగేది మీరొక్కరే, మాకు ఆయన మామూలుగా ఎలా ఉంటారో తెలియదు. ఆయన అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటి బీపీ మాత్రలు వేసుకుంటుంటే అదీ చెప్పండి, అవి వాడేవాళ్లకి ఒంట్లో బాగోకపోయినా నాడి వేగం పెరగకపోవచ్చు.

బీపీ చూసే ముందు మూత్రానికి వెళ్లి రమ్మనండి, కాఫీ తాగి అరగంటైనా అయ్యుండాలి, వీపు ఆనించి, పాదాలు నేలకి ఆన్చి ఐదు నిమిషాలు కూర్చోవాలి. చొక్కా చేతి మీద కాకుండా వట్టి చేతికి పట్టీ కట్టి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, మాట్లాడకుండా చూడండి. పట్టీ చిన్నదైతే బీపీ ఎక్కువ చూపిస్తుంది. ఆక్సీమీటర్‌కి వేలు వెచ్చగా ఉండాలి, అంకె కుదురుకునేదాకా ఆగాలి. ఎప్పుడూ 97 ఉండే మనిషికి 93కి దిగితే ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి, దాంతో పాటు ఆయాసమో అయోమయమో ఉంటే 108కి ఫోన్ చెయ్యండి. పాత ఊపిరితిత్తుల జబ్బు ఉన్న కొందరికి మామూలుగానే తక్కువ ఉంటుంది, వాళ్లకి ఎంత ఉండాలో డాక్టర్‌నే అడగాలి.

ప్రశ్న: నేను జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) రెండో సంవత్సరం. మా వార్డులో చార్టులన్నిట్లో శ్వాస 20 అనే ఉంటుంది. లెక్కపెడుతుంటే సీనియర్లు టైమ్ వేస్ట్ అంటున్నారు. నిజంగా అంత అవసరమా?
– ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: అవసరమే తల్లీ, నువ్వు లెక్కపెట్టడం ఆపకు. ఒక్క నర్సుకి అంతమంది పేషెంట్లుంటే అలా జరుగుతుందని నాకు తెలుసు, అయినా సరే ఊహించి రాసిన 20 కంటే ఖాళీగా వదిలిన గడే నయం, ఎందుకంటే ఆ 20ని చూసి డాక్టర్ ధీమాగా వెళ్లిపోతాడు. పేషెంట్ పరిస్థితి విషమిస్తోందని చాలాసార్లు బీపీ కంటే ముందు శ్వాసే చెప్తుంది. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి 2017లో సవరించిన న్యూస్ (నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్) అనే స్కోరులో శ్వాస నిమిషానికి 12 నుంచి 20 ఉంటే సున్నా, 21 నుంచి 24 ఉంటే 2, 25 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఆ ఒక్కదానికే 3 పాయింట్లు. శ్వాస, నాడి, బీపీ లాంటి వాటన్నిటి పాయింట్లు కలిపి మొత్తం 5కి చేరితే డాక్టర్ వెంటనే వచ్చి చూడాలి, 7కి చేరినా, దాటినా ఎమర్జెన్సీ.

శ్వాస లెక్కపెడుతున్నానని పేషెంట్‌కి చెప్పకు, చెప్తే తెలియకుండానే మార్చేస్తారు. నాడి చూసిన చెయ్యి వదలకుండా అలాగే పట్టుకుని, దుప్పటి లేచి పడటం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టు. మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నారా, మెడ కండరాలు లాగుతున్నాయా అని కూడా చూడు.

డాక్టర్‌కి ఫోన్ చేసి "సార్, ఏడో బెడ్ పేషెంట్ ఏదోలా ఉన్నారు" అంటే నిద్రలో ఉన్న మనిషి సరే చూద్దాంలే అంటాడు. "సార్, ఏడో బెడ్, నిన్న ఆపరేషన్ అయింది, శ్వాస సాయంత్రం 18 ఉంటే ఇప్పుడు 26, ఆక్సిజన్ 97 నుంచి 93కి వచ్చింది, మీరు వచ్చి చూడాలి" అని చెప్పు. ఫోన్ చేసిన టైము, ఆయన ఏమన్నారో నోట్స్‌లో రాయి. పావుగంటకి మళ్లీ చూడు, అంకెలు ఇంకా దిగజారితే మళ్లీ ఫోన్ చెయ్యి, అప్పటికీ రాకపోతే ఇంచార్జ్ సిస్టర్‌ని నిద్ర లేపు.