డాక్టర్ సలహా: పడవ ఎక్కొచ్చు, ముందు ఆ చెయ్యి చూపించండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 53 ఏళ్లు. మాది తెనాలి. పదేళ్లుగా కెనడాలో, వాంకూవర్ పక్కన సర్రేలో ఉంటున్నాం. రెండున్నరేళ్ల క్రితం క్యాన్సర్ అని ఎడమ రొమ్ము, చంకలో గ్రంథులు తీసేశారు. కీమో, రేడియేషన్ అయ్యాయి. ఇప్పుడు క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే లెట్రోజోల్ మాత్ర, బీపీ మాత్ర వాడుతున్నాను. నాతో పనిచేసే ఒకావిడకు కూడా ఆ జబ్బే వచ్చి తగ్గింది. ఆమె అలాంటి ఆడవాళ్లంతా కలిసి నడిపే డ్రాగన్ బోటు అనే పొడవాటి పందెం పడవలో తెడ్డు వేస్తుంది, నన్నూ రమ్మంటోంది. ఆ చేత్తో బరువు పని చేస్తే చెయ్యి వాస్తుందని, జబ్బు తిరగబెడుతుందని మావాళ్లు ఒప్పుకోవడం లేదు. నాకు ఈత కూడా రాదు. వెళ్లొచ్చా? అన్నట్టు, మూడు వారాలుగా ఎడమ చెయ్యి కాస్త ఉబ్బినట్టుంది. ఇండియా నుంచి తెచ్చుకున్న లేసిక్స్, అదే ఒంట్లో నీరు తీసే మాత్ర, రోజూ సగం వేసుకుంటున్నాను.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, పడవ సంగతి తర్వాత. ఉత్తరమంతా పడవ గురించి రాసి చివర్లో ‘అన్నట్టు’ అని ఒక ముక్క పడేశారు చూడండి, నేను అక్కడే ఆగిపోయాను. మా ఓపీలోనూ ఇదే వరస. పది నిమిషాలు గ్యాస్ గురించి చెప్పి, చీటీ తీసుకుని, తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి ‘అన్నట్టు డాక్టర్ గారూ, చంకలో ఏదో గడ్డలాగా తగుల్తోంది’ అంటారు.

గ్రంథులు తీసిన వైపు చెయ్యి రెండున్నరేళ్ల తర్వాత కొత్తగా వాచింది, మూడు వారాలైనా తగ్గలేదు. బహుశా లింఫెడీమా అయి ఉంటుంది, అంటే లింఫ్ అనే ద్రవం పోయే దారి లేక చేతిలో నిలిచిపోయి వచ్చే వాపు. చంకలో గ్రంథులు మొత్తం తీయించుకున్న ఐదుగురిలో సుమారు ఒకరికి వస్తుంది. ఒకటి రెండు గ్రంథులు మాత్రమే తీసి పరీక్ష చేసినవాళ్లలో బాగా తక్కువ. మీకు రేడియేషన్ కూడా ఇచ్చారు కాబట్టి అవకాశం ఇంకాస్త ఎక్కువే. అయితే ఆ ‘బహుశా’ మీద నేను సంతకం పెట్టలేను. చేతి సిరలో రక్తం గడ్డకట్టినా ఇలాగే వాస్తుంది. చర్మం కింద ఇన్‌ఫెక్షన్ చేరినా అంతే. చంకలోనో, మెడ ఎముక పైనో జబ్బు మళ్లీ తలెత్తి దారి మూసినా మొదట కనిపించేది చేతి వాపే కావచ్చు. మిమ్మల్ని భయపెట్టాలని రాయడం లేదు. ఇవి ఉత్తరం చదివితే తేలేవి కావు, చేత్తో తడిమి చూడాలి, అవసరమైతే సిరలో రక్తం ఎలా పారుతోందో చూపే డాప్లర్ స్కాన్ తీయాలి.

ఇప్పుడు ఆ లేసిక్స్. ఎవరు రాశారో మీరు చెప్పలేదు, నేను ఊహించగలను. ఇంట్లో ఎవరి కాళ్ల వాపుకో రాసిన స్ట్రిప్పు, సూట్‌కేసులో పచ్చళ్ల పక్కన సముద్రం దాటింది. అవునా? గుండె, కిడ్నీ సరిగ్గా పనిచేయక ఒంట్లో నీరు చేరినప్పుడు దాని ఉపయోగం దానికుంది. రక్తంలోంచి ఉప్పునీ నీటినీ మూత్రంలోకి తోసేస్తుంది. మీ చేతిలో నిలిచింది, లింఫెడీమాయే అయితే, ప్రొటీన్ కలిసిన చిక్కటి ద్రవం. అది వెళ్లే కాలవలే ఆపరేషన్‌లో, రేడియేషన్‌లో తెగిపోయాయి. ఎంత మూత్రం పోసినా ఆ కాలవలు తిరిగి రావు. రెండు రోజులు కాస్త తగ్గినట్టనిపిస్తుంది, ఆ నమ్మకంతో ఇంకో రెండు వారాలు గడిచిపోతాయి. ఈలోగా పొటాషియం పడిపోయి నీరసం, రాత్రుళ్లు పిక్కలు పట్టేయడం. పైగా బీపీ మాత్ర ఉందన్నారు, లేచి నిలబడగానే కళ్లు తిరగొచ్చు. లెట్రోజోల్ ఎముకల్ని ఎలాగూ పలచబరుస్తుంది. చేతి వాపుకు మందు వేసుకుని బాత్రూములో పడి తుంటి విరగ్గొట్టుకుంటే ఎవరిని అనాలి?

చేతి వాపుకని మీ అంతట మీరే మొదలుపెట్టినదైతే, ఈరోజే మీ ఫార్మసిస్టుతోనో డాక్టరుతోనో మాట్లాడి ఆపేయండి. గుండెకో కిడ్నీకో ఏ డాక్టరైనా మీకోసమే రాసినదైతే మాత్రం నా మాట పట్టుకుని మానొద్దు, రాసినవాళ్లనే అడగండి. సోడియం, పొటాషియం పరీక్ష ఎలాగైనా చేయించుకోండి.

మూడు వారాలన్నారు. నిజంగా మూడేనా? ఒకసారి మా పేషెంట్ ఒకావిడ చెయ్యి వాచి వారమైందని వచ్చింది. ఆ చేతికి గాజులు వేరేగా ఉన్నాయేమిటని అడిగితే, సంక్రాంతికి రెండు ఆరు సైజు ఎక్కకపోతే రెండు ఎనిమిది కొనుక్కున్నానంది. అప్పటికి ఏప్రిల్ నడుస్తోంది. వాపు మొదటి రోజుల్లో, వేలితో నొక్కితే గుంట పడే దశలో, పట్టీలు కట్టి, సరైన మసాజ్ నేర్పి, కొలతకు కుట్టిన స్లీవ్ (చేతిని నొక్కి పట్టే బిగుతు తొడుగు) వేస్తే చాలావరకు దారికొస్తుంది. నెలలు గడిచేకొద్దీ లోపల కొవ్వు, పీచులాంటి కణజాలం పేరుకుని గట్టిపడుతుంది. అప్పుడు మేం చేయగలిగేది తక్కువ. జాకెట్టు చెయ్యి బిగుతైన రోజే, ఉంగరం తిప్పడం కష్టమైన రోజే వచ్చే పేషెంట్లు నాకు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది.

టైలరు టేపు తీసుకుని రెండు చేతులూ కొలవండి: మణికట్టు దగ్గర, మోచేతికి నాలుగు వేళ్ల కింద, నాలుగు వేళ్ల పైన. ఎక్కడైనా 2 సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే రాసి పెట్టుకోండి. తేడా రాలేదని మాత్రం ఇంట్లో కూర్చోవద్దు. మీకు ఆపరేషన్ చేసిన క్యాన్సర్ సెంటరుకు ఈ వారంలోనే ఫోన్ చేయండి. ఫ్యామిలీ డాక్టర్ అపాయింట్‌మెంట్ నెల తర్వాత ఉందని అక్కడివాళ్లు నాకు తరచూ రాస్తుంటారు. మీ బ్రిటిష్ కొలంబియాలో 811కు చేస్తే నర్సు మాట్లాడుతుంది, ఎక్కడికి వెళ్లాలో చెబుతుంది. చెయ్యి ఎర్రబడి వేడిగా ఉండి జ్వరం వచ్చినా, ఒక్కసారిగా వాచి నీలంగా మారినా, ఆయాసం, ఛాతీ నొప్పి తోడైనా ఫోన్లు వద్దు, నేరుగా ఎమర్జెన్సీకే.

సరే, పడవ.

మీవాళ్ల మీద కోపం తెచ్చుకోకండి. వాళ్లు చెబుతున్నది ఒకప్పుడు మేం డాక్టర్లం చెప్పిందే. ‘ఆ చేత్తో బిందె ఎత్తొద్దు, పిల్లాణ్ని ఎత్తుకోవద్దు’ అని నేనే ఎంతమందికి చెప్పానో. అలా చెప్పి పంపిన ఒకావిడ నాలుగు నెలలకు తిరిగొచ్చింది. చెయ్యి కొంగులో చుట్టి, పగిలిపోయే వస్తువులా పొట్టకు ఆనించి పట్టుకుంది. భుజం బిగిసిపోయి జడ వేసుకోవడానికి చెయ్యి పైకి లేవదు. చెయ్యి వాచలేదు, నిజమే. పనికిరాకుండా పోయింది.

ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టింది మీ వాంకూవర్‌లోనే. 1996లో యూనివర్సిటీ ఆఫ్ బ్రిటిష్ కొలంబియాలో స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్ డాన్ మెకెంజీ, రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడిన 24 మంది ఆడవాళ్లను డ్రాగన్ బోటు ఎక్కించారు. చేతులతో పదేపదే గట్టిగా చేసే పని కావాలని ఏరికోరి దాన్నే ఎంచుకున్నారు. ముందు జిమ్‌లో కండ బలం పెంచి, తర్వాతే నీళ్ల మీదికి. ఒక్కరికి కూడా కొత్తగా లింఫెడీమా రాలేదని 1998లో కెనడా వైద్య పత్రికలో రాశారు. ఆ టీము పేరు అబ్రెస్ట్ ఇన్ ఎ బోట్. ఇప్పుడు చాలా దేశాల్లో ఇలాంటి టీములున్నాయి.

24 మంది అంటే చిన్న లెక్కే, పోల్చి చూడటానికి వేరే గుంపు కూడా లేదు. నన్ను పూర్తిగా మార్చింది 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం. అప్పటికే చెయ్యి వాచి ఉన్న 141 మందిని తీసుకుని, కొందరిచేత వారానికి రెండుసార్లు బరువులు ఎత్తించారు. ఏడాదికి వాపు పెరగలేదు సరికదా, ఉన్నట్టుండి ఎక్కువయ్యే సందర్భాలు తగ్గాయి. అయితే ఒక మెలిక ఉంది. వాళ్లందరి వాపూ నిలకడగా ఉన్నది. స్లీవ్ వేసుకుని, శిక్షకుల కళ్లముందు, తేలిక బరువుతో మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పెంచారు. మీ వాపు మూడు వారాల కొత్తది, ఎందుకొచ్చిందో తెలియదు. అందుకే ముందు చెయ్యి చూపించమని ఇంత గోల.

లింఫ్‌ను తోయడానికి గుండెలాంటి పంపు లేదు. కండరం బిగిసి వదిలినప్పుడు, ఊపిరి లోతుగా తీసినప్పుడు అది కదులుతుంది. తెడ్డు వేసేటప్పుడు ఈ రెండూ జరుగుతాయి. సరిగ్గా నేర్చుకుంటే బలం చేతుల్లోంచి రాదు. పాదం తన్నిపెట్టి, నడుము తిప్పి, ముందుకు వంగి తెడ్డు ముంచి తుంటి దాకా లాగాలి. భుజంతో లాగితే రెండో రోజుకే నొప్పి. మీ ఎడమ భుజం పూర్తిగా పైకి లేస్తోందో లేదో ఫిజియోకు చూపించండి. చంక నుంచి మోచేతి వైపు తాడులా ఏదైనా పట్టేసినట్టుంటే అది కూడా చెప్పండి. కీమోలో ఎర్ర రంగు మందు ఇచ్చి ఉంటే, అది గుండెను బలహీనపరచొచ్చు కాబట్టి, గుండె ఎకో ఎప్పుడు తీశారో అడగండి, ఎముకల స్కాన్ గురించి కూడా. ఆన్‌లైన్‌లో దొరికే స్లీవ్ వద్దు. సరిపడనిది వేసుకుంటే ఉన్న వాపు వేళ్లలోకి దిగుతుంది.

వ్యాయామం వల్ల జబ్బు తిరగబెడుతుందని ఎక్కడా రుజువు కాలేదు. అది మీవాళ్లకు నా మాటగా చెప్పండి.

ఇంకొకటి గమనించాను. మీరు కూడా ‘ఆ జబ్బే’ అని రాశారు, ఆమె విషయంలో పేరు పెట్టలేదు. మన ఇళ్లలో అంతే, పక్కింటికి తెలియకూడదని విగ్గు మీద చున్నీ కప్పుకుంటాం. ఆ పడవలో జంటలు జంటలుగా కూర్చునే ఇరవై మందికీ అదే మచ్చ. ముందు డోలు కొట్టే ఆవిడ, వెనక చుక్కాని పట్టే ఆవిడ వేరే. అక్కడ ఎవరికీ ఏదీ విప్పి చెప్పక్కర్లేదు. వాళ్ల ఉత్సవాల్లో చివర పడవలన్నీ పక్కపక్కన ఆపి, పోయినవాళ్లను తలుచుకుని గులాబీ రంగు పూలు నీళ్లలో వదులుతారు. మొదటిసారి చూస్తే మీకు ఏడుపొస్తుంది, ముందే తెలిసి వెళ్లండి.

ఈత గురించి అడిగారు, మర్చిపోబోయాను. రాదని కోచ్‌తో మొదటి రోజే చెప్పండి, సిగ్గుపడకండి. లైఫ్ జాకెట్ అన్ని బకిల్స్ పెట్టుకుని కూర్చోండి. అక్కడి నీళ్లు చల్లన, పడితే ఏం చేయాలో ఒడ్డునే నేర్పించమనండి. పట్టీ మచ్చ మీద ఒరుసుకుంటే లోపల మెత్తటి బనియన్ వేసుకోండి. తెడ్డు పట్టి అరచేతిలో బొబ్బ లేస్తే గిల్లకండి. కడిగి, కట్టు కట్టుకోండి, ఎడమ చేతిదైతే మరీను.