బండి మార్చడం కాదమ్మా, శనివారం రాత్రి తాళం మీరు తీసుకోండి

ప్రశ్న: అన్నా, మాది తిరుపతి, కరకంబాడి రోడ్డు పక్కన. మావాడు ఆర్నెల్ల కింద ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. శనివారం వస్తే చాలు చంద్రగిరి వైపు ఫ్రెండ్స్‌తో పార్టీ, రాత్రి ఒంటిగంటకి తాగే నడుపుకుంటా వస్తాడు. సౌండు లేని బండి కదా, వచ్చింది కూడా తెలీదు, గేటు గొళ్ళెం సద్దు అయితేనే నాకు ప్రాణం లేచొస్తుంది. అమెరికాలో ఒక టెస్లా కారు గుద్దుకుని కాలిపోయిందంట కదా, ఇది అమ్మేసి పెట్రోల్ కారు కొనమనేదా?
- ఒక తల్లి, తిరుపతి

జవాబు: అమ్మా, ఆ గొళ్ళెం సద్దు కోసం మీరు మేలుకోనుండేది తల్చుకుంటేనే బాధేసింది. మీరు విన్నది 2016 నవంబర్‌లో ఇండియానాపోలిస్‌లో జరిగింది అయ్యుంటుంది. టెస్లా మోడల్ ఎస్ మంచి స్పీడులో పోయి చెట్టుకి గుద్దుకుంది, బ్యాటరీ ముక్కలు ముక్కలై రోడ్డంతా పడి మండింది, లోపలున్న ఇద్దరూ పోయారు. మంటల గురించే అందరూ మాట్లాడారు గానీ నడిపినావిడ రక్తంలో ఆల్కహాల్ అక్కడి పరిమితికి రెండింతల పైనే ఉండింది. పెట్రోల్ కారైనా తాగి ఆ స్పీడులో పోతే ప్రాణం మీదికి వచ్చేదే.

అయితే ఎలక్ట్రిక్ బండితో ఒక చిక్కుంది, అది మీవాడికి చెప్పాల్సిందే. గేర్లు లేవు, ఇంజన్ అరుపు లేదు, కాలు ఆనించగానే పికప్ మొత్తం ఒకేసారి వచ్చేస్తుంది, నూరు దాటింది కూడా చెవికి తెలీదు. తాగినోడికి అసలే అంచనా ఉండదు. 120లో పోతుంటే బండి సెకనుకి 33 మీటర్లు పోతుంది, ఒక్క సెకను లేటుగా బ్రేకు మీద కాలేస్తే అంత దూరం ఊరికే పోయినట్టే, గుద్దుకునే దెబ్బ 60లో కంటే నాలుగు రెట్లు. దాంతోపాటు బ్యాటరీ బరువొకటి. దెబ్బతిన్న బ్యాటరీ ఆరిపోయిందనుకున్నాక కూడా గంటల తర్వాత మళ్ళీ అంటుకోవచ్చు, ఎక్కువ వోల్టేజీ కరెంటు పోయే ఆరెంజ్ రంగు వైర్లు ఎవురూ ముట్టుకోకూడదు, దూరం జరిగి 112కి ఫోన్ చేసి ఎలక్ట్రిక్ కారని ముందే చెప్పాలి.

ఇంక "మజ్జిగ తాగినా, నిమ్మకాయ నీళ్ళు తాగినా, దిగిపోయింది" అంటాడేమో, నమ్మొద్దు. లివర్ దాని టైం అది తీసుకుంటుంది, రాత్రి బాగా తాగితే పొద్దున కూడా ఇంకా రక్తంలో ఉంటుంది. మన చట్టంలో 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. బండి రిపేరుకి ఇన్సూరెన్స్ రాదు, అవతలోళ్ళకి కంపెనీ కట్టినా మళ్ళీ మీ దగ్గరే వసూలు చేసే వీలుంది. తాగినోడని తెలిసీ తాళం చేతికిస్తే ఇచ్చినోళ్ళ మీద కూడా కేసు పెట్టొచ్చు, ఇది చానామందికి తెలీదు, పార్టీ పెట్టే ఆ ఫ్రెండ్స్‌కి కూడా చెప్పండి.

కాబట్టి బండి అమ్మొద్దమ్మా. ఈ శనివారం వాడు స్నానానికి పోయినప్పుడు రెండు తాళాలూ తీసి మీ బీరువాలో పెట్టేయండి. గొడవ పడతాడు, పడనీయండి. పోయేటప్పుడు ఆటోలో పొమ్మనండి, వచ్చేటప్పుడు ఎంత రాత్రైనా సరే "అమ్మా, రమ్మను" అని ఒక్క ఫోన్ కొడితే వాళ్ళ నాన్నో మామో పోయి తీసుకొస్తారని, ఆ రాత్రికి ఎవురూ తిట్టరని గట్టిగా మాటివ్వండి. తిట్లకి భయపడే చానామంది పిల్లోళ్ళు ఫోన్ చేయకుండా స్టీరింగ్ పట్టుకుంటారు.