భాషా సందేహాలు: లోజ్బాన్ పట్టుబడాలంటే

ప్రశ్న: నేను కంప్యూటర్ సైన్సులో డిగ్రీ చదువుతున్నాను. ఏ వాక్యానికీ రెండర్థాలు రాకుండా తయారుచేసిన లోజ్బాన్ అనే భాష గురించి ఈ మధ్యే తెలిసింది. అందులో మామూలు విషయాలు తడుముకోకుండా మాట్లాడాలంటే ఎంత కాలం పడుతుంది? తెలుగువారికి అది కష్టమవుతుందా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: రోజుకు అరగంట విడవకుండా కేటాయిస్తే, చిన్నచిన్న వాక్యాలు రాయగలిగే స్థాయికి ఆరు నెలల్లో చేరవచ్చునని నా అంచనా. నోటితో ధారాళంగా మాట్లాడడానికి మాత్రం ఇంకా చాలా కాలం పడుతుంది, దానికి మాట్లాడే మనుషులు దొరకకపోవడమే ముఖ్య కారణం. ఈ భాషకు మూలమైన లోగ్లాన్‌ను 1955లో మొదలుపెట్టిన ఆయన కూడా ఒక బ్రౌనే, జేమ్స్ కుక్ బ్రౌన్. 1820లో మీ ఊరికి ఉద్యోగానికి వచ్చిన సి.పి. బ్రౌన్‌కు చుట్టూ తెలుగు వినిపిస్తూ ఉండేది కాబట్టి ఊరే ఆయనకు బడి అయింది, లోజ్బాన్‌కు అటువంటి ఊరు లేదు. లోగ్లాన్ హక్కుల తగాదాతో విడిపోయినవారు 1987లో వేరే సంస్థ పెట్టుకుని, పదాలను కొత్తగా కూర్చి, 1997లో వ్యాకరణాన్ని స్థిరపరిచారు.

మూలపదాలు సుమారు 1350 ఉన్నాయి, నాలుగైదు వందలు వస్తే రోజువారీ మాటలకు సరిపోతాయి. అయితే పదానికి అర్థం ఒక్కటే బట్టీపట్టినవారికి ఆ పదం వచ్చినట్టు కాదు. "కడప నుంచి మైదుకూరు మీదుగా ప్రొద్దుటూరుకు బస్సులో వెళ్తాను" అనే వాక్యంలో మాటలను ఎటు జరిపినా అర్థం చెడదు, ఎందుకంటే నుంచి, మీదుగా, కు, లో అనేవి ప్రతి మాటకూ దాని పని అప్పగించి ఉంచాయి. లోజ్బాన్‌లో ఆ పనిని వరుస చేస్తుంది. వెళ్ళడాన్ని చెప్పే "క్లామా"కు మొదట వెళ్ళే మనిషి, తరవాత చేరే చోటు, ఆ తరవాత బయలుదేరిన చోటు, ఆపైన దారి, చివరకు వాహనం రావాలి. అమ్మడాన్ని చెప్పే "వెశ్ను"కు అమ్మేవారు, సరుకు, కొనేవారు, ధర అనేది వరుస. వరుసను మార్చే చిన్న మాటలు లేకపోలేదు గాని, అసలు వరుస నోటికి రానిదే అవి ఉపయోగపడవు. మీ కాలమంతా ఖర్చయ్యేది ఇక్కడే.

తెలుగువారికి కొన్ని సౌకర్యాలున్నాయి, ఇంగ్లీషు పాఠాలు వాటిని చెప్పవు. మనం, మేము అనే తేడా ఇంగ్లీషువారికి విడమరిచి చెప్పాలి, మనకు మాత్రం "మిహో" అంటే మీరూ నేనూ, "మిహా" అంటే మిమ్మల్ని మినహాయించి మేము అని ఒక్కమాటలో తెలిసిపోతుంది. "అది కుక్క" అనడానికి మనకు లాగే వారికీ మధ్యలో క్రియ అక్కరలేదు. "మి దో తావ్లా" అని క్రియను చివర పెట్టి "నేను నీతో మాట్లాడతాను" అన్నా తప్పు కాదు. గొంతులో ఒరుసుకునే ఒక హల్లు కొత్తగా తోచవచ్చు, ఉర్దూ మాట్లాడే ఇరుగుపొరుగును "ఖబర్" అనమంటే అది వినిపిస్తుంది.

రెండర్థాలు రావన్న మీ మాటను కొంచెం సవరించాలి. "కొత్త పుస్తకాల అంగడి" అంటే కొత్త పుస్తకాలు అమ్మే అంగడా, కొత్తగా తెరిచిన పుస్తకాల అంగడా? లోజ్బాన్‌లో "శ్నినో శుక్తా జార్శి" అంటే "కొత్త" అనేది పుస్తకాలకే చెందుతుంది, అంగడికి చెందాలంటే చివరి రెండు మాటల నడుమ "బో" చేర్చాలి. కాని అది పుస్తకాలు అమ్మే అంగడా, పుస్తకాలు పేర్చి కట్టిన అంగడా అన్నది సందర్భాన్ని బట్టి గ్రహించవలసిందే. సందిగ్ధత తొలగేది అన్వయంలోనే.

ప్రశ్న: ఆ భాషలో మన ఊళ్ళ పేర్లను ఎలా రాస్తారు?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: మూలపదాలన్నీ మన మాటల్లాగా అచ్చుతో ముగుస్తాయి గాని, బయటి నుంచి తెచ్చుకున్న పేర్లు హల్లుతో ముగియాలి. మనం బస్‌ను బస్సు చేసుకున్నదానికి ఇది సరిగ్గా తలకిందులు. కాబట్టి మీ ఊరు చివరి ఉకారాన్ని వదులుకుని "కర్నూల్" అవుతుంది. అనంతపురానికి చివర మకారం ఉండనే ఉంది. కడపకు మాత్రం ఏదో ఒక హల్లు అరువు తెచ్చి "కడపస్" అనవలసి వస్తుంది.