ట్యూడర్ రాణుల పుస్తకాలు చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ రెండో సంవత్సరం. ఎప్పుడు చూసినా ఇంగ్లండ్‌ని ఏలిన ట్యూడర్ వంశపు రాజు ఎనిమిదో హెన్రీ భార్యల పుస్తకాలే. గ్రూప్స్‌కి చదవమంటే ఇంగ్లండ్ వెళ్లి ఆ కాలపు ఆడవాళ్ల మీద రీసెర్చ్ చేస్తానంటోంది. ఏం చెయ్యాలి?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: టెన్షన్ పడకండమ్మా. ముందు ఏం చదువుతోందో అడగండి. 1536లో హెన్రీ తన రెండో భార్య యాన్ బొలిన్ తల తీయించిన కథ తిప్పితిప్పి చెప్పే నవలలే అయితే అది కాలక్షేపం, తప్పు లేదు గానీ దాన్ని నమ్ముకుని లక్షలు పెట్టలేం. ఆ ఆడవాళ్లు స్వయంగా రాసినవి చదవాలనుందా? అయితే వేరే సంగతి. ఆరో భార్య కేథరిన్ పార్ 1545లో తన పేరుతోనే ప్రార్థనల పుస్తకం అచ్చేయించింది, ఇంగ్లండ్ రాణుల్లో అలా చేసిన మొదటామె ఆవిడే. అంతకు కొద్ది నెలల ముందే పదకొండేళ్ల సవతి కూతురు ఎలిజబెత్, ఫ్రెంచ్ కవిత ఒకటి ఇంగ్లిష్ చేసి, సొంత చేత్తో రాసి, నీలం అట్ట మీద కే.పి. అని ఎంబ్రాయిడరీ చేసిన పుస్తకంగా ఆవిడకి కొత్త సంవత్సరం కానుక ఇచ్చింది. అది ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో బోడ్లియన్ లైబ్రరీలో ఉంది. మత నమ్మకాల కోసం శిక్ష పడిన యాన్ ఆస్క్యూ అయితే తనని ఎలా విచారించారో తానే రాసిపెట్టింది. లండన్ టవర్ జైల్లో ఒళ్లు సాగదీసి హింసించడంతో నడవలేకపోతే, 1546 జులైలో కుర్చీలో మోసుకెళ్లి మరీ తగలబెట్టారు. హెన్రీ మఠాలు మూయించేశాక సయాన్ అనే మఠం సన్యాసినులు దేశాలు పట్టి తిరిగి 1594లో లిస్బన్ చేరారు. నన్నడిగితే రాణులకంటే వీళ్ల మీద పని చెయ్యడం మేలు, రాణుల మీద రాయనివాళ్లెవరు!

ఒక పరీక్ష పెట్టండి. బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లో పాత చేతిరాత చదవడం ఉచితంగా నేర్పుతారు, లాటిన్ పాఠాలూ ఉన్నాయి. సెక్రటరీ హ్యాండ్ అనే అప్పటి చేతిరాతలో ‘ఇ’ తిరగబడి ఉంటుంది, ‘సి’ చూస్తే ‘ఆర్’ అనుకుంటాం, కొత్తలో ఒక్క పేజీకే పూట గడిచిపోతుంది. మూడు నెలలు రోజూ అరగంట కూర్చుందంటే పిల్లది ఊరికే అనడం లేదని అర్థం.

అప్పు చేసి మాత్రం ఇంగ్లండ్ పంపొద్దు. ముందు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనో ఉస్మానియాలోనో ఎంఏ హిస్టరీ, ఆపైన నెట్. ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల ఏడాది డిప్లొమా కూడా ఉంది, పాత కాగితాలతో పని ఇష్టమైతే అదీ దారే. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్ స్కాలర్‌షిప్‌కి రెండేళ్ల ఉద్యోగ అనుభవం అడుగుతారు కాబట్టి డిగ్రీ అవ్వగానే అప్లై చేస్తానంటే ఆ మాట ఇప్పుడే చెప్పండి.