కాకుటూరు వెళ్లే ముందు మా అమ్మణ్ణికి

కావలి

అమ్మణ్ణీ,

నీకు కాకుటూరులోని విక్రమ సింహపురి యూనివర్సిటీలో ఎం.ఎస్సీ. మెరైన్ బయాలజీ సీటు వచ్చిందని మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు, సంతోషంతోనే. వింజమూరు మెట్టలో, వాన పడితే గానీ చెరువులో నీళ్లు చూడని ఊళ్లో పుట్టిన పిల్ల సముద్రాన్ని చదవబోతోంది! చివర్లో మీ అమ్మ గొంతు తగ్గించి, "దానికి లోపల బెదురుగా ఉందక్కా, అక్కడ ఎవరూ తెలీదు, అంతా ఇంగ్లీషులోనే చెప్తారంట" అంది. అందుకే ఈ ఉత్తరం. ఫోనులో చెబితే సగం గాలికి పోతుంది. కాగితమైతే నీ పెట్టెలో అడుగున ఉంటుంది, కావలసినప్పుడు తీసి చూసుకోవచ్చు.

ఇరవై ఎనిమిదేళ్లు కాలేజీ లైబ్రరీ కౌంటరు వెనక కూర్చున్నాను కదా. ఏటా కొత్త పిల్లలు వచ్చేవాళ్లు. వాళ్లలో ఎవరు చదువు చక్కగా పూర్తిచేస్తారో మార్కుల లిస్టు చూసి నేనెప్పుడూ చెప్పలేకపోయాను. మొదటి నెలలో ఎవరు నోరు తెరిచి అడుగుతున్నారో చూస్తే మాత్రం తెలిసిపోయేది. కొత్తగా వచ్చినవాళ్లు ఏం అడిగినా ఎవరూ ఏమీ అనుకోరు. "లైబ్రరీ కార్డు ఎట్టా తీసుకోవాలి సార్?" అని ఆగస్టులో అడిగితే కూర్చోబెట్టి చెప్తారు. అదే మాట సంక్రాంతి సెలవులయ్యాక అడగాలంటే నీకే నోరు రాదు. కొత్త అనే ఆ వెసులుబాటు నాలుగు వారాలే ఉంటుంది తల్లీ. ఆ నాలుగు వారాల్లో అడగాల్సిందంతా అడిగెయ్.

ముందు సర్టిఫికెట్ల సంగతి. పదో తరగతి మెమో, ఇంటర్, డిగ్రీ మార్కుల మెమోలు, ప్రొవిజనల్, టీసీ, స్టడీ, కులం, ఆదాయం, పీజీసెట్ ర్యాంకు కార్డు, ఆధార్. అన్నీ ఒక ఫైల్లో పెట్టుకో. ఒక్కోటి అయిదేసి జిరాక్సులు తీయించు, ఫోటోలు కనీసం పది ఉండాలి. అన్నీ స్కాన్ చేసి నీ మెయిల్లో ఒక కాపీ ఉంచుకో, నాకూ ఒకటి పంపు. అసలు సర్టిఫికెట్లు చూసి వెనక్కి ఇచ్చేయాలనీ, దగ్గర పెట్టుకోకూడదనీ యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2018లోనే చెప్పింది. టీసీ అయితే మామూలుగా తీసుకుంటారు. ఎవరైనా మిగతావి ఉంచుకుంటామంటే, ఎందుకు, ఎప్పుడిస్తారు అని నెమ్మదిగా అడుగు, రసీదు రాయించుకో.

ఇంకొక పని ఊళ్లో ఉండగానే చూసుకో. ఆధార్‌కు ముడిపడిన బ్యాంకు ఖాతా ఏదో బ్యాంకులో అడుగు. ఖాతా ఉండటం వేరు, దానికి ఎన్‌పీసీఐ మ్యాపింగ్ (ఆధార్ మీద వచ్చే డబ్బు ఆ ఖాతాలోకే చేరేలా కలపడం) ఉండటం వేరు. స్కాలర్‌షిప్ డబ్బులు మ్యాపింగ్ ఉన్న ఖాతాలోకే వస్తాయి. అది తెలియక ఎంతమంది పిల్లలు నెలలకొద్దీ ఆఫీసు చుట్టూ తిరిగారో నేను కళ్లారా చూశాను.

ఆఫీసులో ఏ అర్జీ ఇచ్చినా రెండు కాపీలు తీసుకెళ్లు. ఒకటి వాళ్లకు. రెండోదాని మీద ఇన్‌వర్డ్ నంబరు (కాగితం అందిందని ఆఫీసు రిజిస్టరులో రాసే నంబరు), తేదీ వేయించుకుని, సంతకం పెట్టించుకుని తెచ్చుకో. "మీ కాగితం మాకు అందలేదమ్మా" అన్న మాటకు ఆ కాపీ ఒక్కటే జవాబు. అటెండరుగారినైనా, క్లర్కుగారినైనా పేరు కనుక్కుని, గారు చేర్చి పలకరించు. పనికోసం కాదు, వాళ్లు నీకంటే పెద్దవాళ్లు కాబట్టి.

చేరిన మొదటి రోజుల్లో కొత్తవాళ్లకు పరిచయ కార్యక్రమం పెడతారు. దీక్షారంభ్ అని యూజీసీ 2019లో దీనికి ఒక పద్ధతి కూడా రాసి ఇచ్చింది. సీనియర్లు "అదేం అవసరంలేదు, హాస్టల్లో పడుకో" అంటారు. వినొద్దు. ఉపన్యాసాల్లో కొన్ని నీకు అక్కర్లేనివే కావచ్చు, అయినా కూర్చో. సిలబస్ కాపీ ఎక్కడ దొరుకుతుంది, ఇంటర్నల్స్ (సెమిస్టరు మధ్యలో డిపార్ట్‌మెంటే పెట్టే పరీక్షలు) ఎన్ని, ఎప్పుడు, పేపరుకు ఎన్ని క్రెడిట్లు అని ఆ రోజే తెలుస్తుంది. క్రెడిట్ అంటే భయపడేదేం లేదు. థియరీ అయితే వారానికి ఒక గంట పాఠం ఒక క్రెడిట్, ల్యాబ్ అయితే రెండు గంటలు. నాలుగు క్రెడిట్ల పేపరుకు ఎంత సమయం పెట్టాలో, రెండు క్రెడిట్లదానికి ఎంతో ఆ లెక్కలోనే ఉంది. డిజీలాకర్లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నంబరు కూడా తీసుకో, రేపు వేరేచోట చదవాలన్నా ఈ క్రెడిట్లు అందులోనే ఉంటాయి.

నా సంగతి ఒకటి చెప్తాను, మీ అమ్మకు కూడా తెలీదు. నేను పీజీలో చేరినప్పుడు మా డిపార్ట్‌మెంటుకు రెండు మెట్లదార్లు ఉండేవి. నోటీసు బోర్డు ఒకటి తూర్పువైపు మెట్ల దగ్గర ఉండేది. హాస్టలుకు దగ్గరని నేను రోజూ పడమటివైపు మెట్లెక్కేదాన్ని. మొదటి ఇంటర్నల్ తేదీ తొమ్మిది రోజులు ఆ బోర్డు మీద ఉంది. పరీక్ష అయిపోయిన మర్నాడు పక్క బెంచీ అమ్మాయి "నిన్న రాలేదేం?" అంటే నాకు తెలిసింది. వెళ్లి అడిగుంటే సారు మళ్లీ పెట్టేవారేమో. సిగ్గుపడి అడగలేదు. ఇరవై మార్కులు పోయాయి, ఆ సెమిస్టరంతా ఆ దిగులుతోనే గడిచింది. ఇప్పుడు మీకు వాట్సాప్ గ్రూపులున్నాయి, నిజమే. కానీ "ఎగ్జామ్ పోస్ట్‌పోన్ అయ్యిందంట" అని ఎవరో పంపింది నమ్మి ఊరికి బస్సెక్కొద్దు. సంతకమున్న సర్క్యులర్ చూడు, లేదంటే డిపార్ట్‌మెంట్ ఆఫీసుకు వెళ్లి కనుక్కో.

హాజరు 75 శాతం ఉండాలి. లెక్క ఇట్టా వేసుకో: సెమిస్టరుకు 90 పనిదినాలు అనుకుంటే నువ్వు మానుకోగలిగేవి 22. నువ్వు ప్రతి ఆదివారం ఇంటికొచ్చి, సోమవారం పొద్దున వింజమూరులో బయల్దేరి, నెల్లూరులో బస్సు మారి, గూడూరు దారిలో కాకుటూరు దిగేసరికి సగం రోజు గడిచిపోతుంది. ఆ ఒక్క సోమవారం పోయినా పదిహేను వారాలకు 15 రోజులు. ఇక జ్వరానికి, పండక్కి, మేనత్త కూతురి పెళ్లికి ఏడే మిగుల్తాయి. మీ అమ్మ "వారంవారం రావే" అంటుంది. నేను మాట్లాడతాను దానితో. నెలకొకసారి రా, వచ్చినప్పుడు హాయిగా ఉండి వెళ్లు.

ఇప్పుడు నాకు ప్రాణమైన విషయం. వెళ్లిన వారంలోపే లైబ్రరీలోకి వెళ్లు, పుస్తకం కోసం కాదు, ఊరికే నడవడానికి. బీరువాల చివర అంకెలుంటాయి చూడు. మా లైబ్రరీలో వాడినట్టే అక్కడా పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో సర్దే డ్యూయీ పద్ధతే ఉంటే, 590 దగ్గర జంతుశాస్త్రం, 551.46 దగ్గర సముద్రశాస్త్రం, 639 దగ్గర చేపలు, రొయ్యల పెంపకం ఉంటాయి. నీ చదువు ఒక్క బీరువాలో ఉండదమ్మా, ఈ మూడు చోట్లా ఉంటుంది. పిల్లలు ఒక్కచోట చూసి "పుస్తకాల్లేవు మేడమ్" అని వెళ్లిపోయేవాళ్లు. ఆ అంకె పక్కనే ఉన్న పుస్తకాలు కూడా వేళ్లతో తడిమి చూడు, నువ్వు అడగడానికి పేరు తెలియని పుస్తకం అక్కడే దొరుకుతుంది. పాత ప్రశ్నపత్రాలు ఎక్కడ పెట్టారో లైబ్రేరియన్‌ను అడుగు. శోధ్‌గంగ అని ఒకటుంది, దేశంలో యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లు అందులో ఉచితంగా చదవచ్చు. నీకు నచ్చిన జీవి మీద ఎవరేం పని చేశారో వెతికి చూడు. మొదట అర్థం కాకపోయినా, ఆ థీసిస్ చివర్లో ఉన్న పుస్తకాల పట్టీ నీకు దారి చూపిస్తుంది.

ఇంగ్లీషు గురించి. డిగ్రీలో పుస్తకం ఇంగ్లీషైనా సార్లు తెలుగులో విడమరిచారు, ఇక్కడ ఎప్పుడూ అట్టా ఉండకపోవచ్చు. నోట్సుకు ఎడమవైపు మార్జిన్ వెడల్పుగా వదులు. తెలియని మాట వినబడగానే వినబడినట్టే తెలుగు అక్షరాల్లో రాసెయ్, స్పెల్లింగు కోసం ఆగొద్దు. ఆగితే తర్వాతి రెండు వాక్యాలు పోతాయి. సాయంత్రం ఆ మాటలు పుస్తకంలో చూసి సరిచేసుకో. రోజుకు పదైనా సరే. దసరాకల్లా ఆ మార్జిన్ ఖాళీ అవుతుండటం నువ్వే చూస్తావు. అప్పటికీ అర్థం కానిది ఉంటే క్లాసయ్యాక వెళ్లి, "సార్, ఇంతవరకు తెలిసింది, ఇక్కడ ఆగిపోయాను" అని నోట్సులో వేలుపెట్టి చూపించు. "ఏమీ అర్థం కాలేదు సార్" అంటే ఎంత మంచి సారుకైనా ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు.

ల్యాబ్ రికార్డు ఏ వారానిది ఆ వారమే రాసి సంతకం పెట్టించుకో. పరీక్షల ముందు రాత్రి పన్నెండు రికార్డులు రాసిన పిల్లల కళ్లు నాకు ఇంకా గుర్తే.

నీ చదువుకు మన జిల్లాను మించిన చోటు లేదు. ముత్తుకూరులో ఫిషరీ సైన్స్ కాలేజీ ఉంది. తీరం పొడుగునా రొయ్యల చెరువులే. 1990లలో టైగర్ రొయ్యకు తెల్లమచ్చ వైరస్ సోకి, ఎంతోమంది రైతులు పొలాలు, బంగారం పోగొట్టుకున్నారు. మన చుట్టాల్లోనే ఇద్దరున్నారు. ఇప్పుడందరూ వేసే వెనామీ రొయ్య మన సముద్రానిది కాదు, పసిఫిక్ తీరం నుంచి తెచ్చింది. ఆ రైతులకు నీలాంటి పిల్లలు కావాలి. ఎప్పుడైనా చెరువుగట్టు మీద నిలబడే అవకాశమొస్తే, ఆక్సిజన్ ఎట్టా చూస్తారు, తెల్లారుజామున ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) ఎందుకు తిప్పుతారు అని రైతును అడుగు. పుస్తకంలో చదివింది అక్కడ కళ్ల ముందు కనిపిస్తుంది.

ర్యాగింగ్ గురించి మీ నాన్న కంగారు పడుతున్నాడు. చేరేటప్పుడు నువ్వు, మీ నాన్న అఫిడవిట్ ఇవ్వాలి, అది అందరూ ఇచ్చేదే. మన రాష్ట్రంలో 1997 చట్టం ప్రకారం ర్యాగింగ్ జైలుశిక్ష పడే నేరం. పేరు, ఊరు అడిగి నవ్వే సీనియర్లు వేరు, వాళ్లే రేపు నీకు నోట్సిస్తారు. ఒంటి మీద చెయ్యి వేసినా, అవమానించినా, డబ్బులడిగినా ఊరుకోవద్దు. 1800-180-5522కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు. వార్డెన్‌కు చెప్పు, నాకూ చెప్పు. మగవాళ్ల వల్ల ఇబ్బందైతే దానికి వేరే అంతర్గత కమిటీ ఉంటుంది, అందులో ఎవరున్నారో నోటీసు బోర్డు మీదే చూసి పెట్టుకో. "ఇంట్లో తెలిస్తే చదువు మాన్పిస్తారు" అని దాచిన పిల్లలు నా దగ్గర ఏడ్చారు. నీ చదువు ఎవరూ మాన్పించరు. నేనున్నాను.

డబ్బు సంగతి రెండే మాటలు. మెస్ బిల్లు ముందు పక్కన పెట్టి, మిగిలింది ఖర్చు పెట్టుకో. ఎవరికైనా అప్పిస్తే, తిరిగి రాకపోయినా తట్టుకోగలిగినంతే ఇవ్వు.

బయల్దేరే ముందురోజు కావలి మీదుగా రా. నిమ్మకాయ ఊరగాయ పెట్టాను, చిన్న జాడీలోకి తీసి ఉంచాను. నా పాత డిక్షనరీ కూడా ఇస్తాను, అట్ట వేయించాను. చేరిన మొదటి ఆదివారం రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చెయ్యి. ఆ వారంలో ఎవరెవరిని ఏమేం అడిగావో చెప్పాలి, వింటూ కూర్చుంటాను.

మీ పెద్దమ్మ